అమ్మమ్మ మోకాళ్ళు, చిన్నోడి ఓపిక: ఇంగ్లండ్ పల్లెల్లో ఒక్కరోజు ఎక్కడ గడపాలి?

మే నెల వచ్చిందంటే లండన్, రెడింగ్, స్లౌ చుట్టుపక్కల తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న. "అమ్మావాళ్ళు వచ్చారు, ఈ శనివారం ఎక్కడికి తీసుకెళ్ళమంటారు?" జవాబులూ ఎప్పుడూ అవే: కోట్స్‌వోల్డ్స్, లేక్ డిస్ట్రిక్ట్, సెవెన్ సిస్టర్స్. మూడూ అందమైనవే, కాదనను. కానీ కారులో ఎవరెవరు ఎక్కుతున్నారని మాత్రం ఎవరూ అడగరు. నన్నడిగితే మొదటి ప్రశ్న అదే కావాలి. ఇంట్లో అందరికన్నా తక్కువ నడవగలిగేది ఎవరు, అందరికన్నా ముందు విసుగెత్తేది ఎవరు అని చూసుకుని, ఆ ఇద్దరికి సరిపడే చోటు ఎంచుకోవాలి. మిగతావాళ్ళు ఎలాగూ సర్దుకుంటారు.

రెండోది ప్రయాణం. వెళ్ళడానికే రెండు గంటలు దాటితే ఒక్కరోజులో వెళ్ళొచ్చే ఆలోచన మానుకోవడం మంచిది. ఫోన్‌లో మ్యాపు శుక్రవారం రాత్రి చూపించే సమయాన్ని నమ్మకండి. ఎండ కాసిన శనివారం పొద్దున మోటర్‌వే మీద ఇంకో అరగంట, ముప్పావుగంట కలుపుకోవాలి. దిగాక వచ్చే పల్లె రోడ్లు ఇరుకు, మలుపులు ఎక్కువ. రెండువైపులా గుబురు కంచెలు ఉండటంతో ఎదురొచ్చే ట్రాక్టర్ కనపడదు. వెనక సీట్లో ఇడ్లీ తిని కూర్చున్న పిల్లాడికి కడుపులో తిప్పేది సరిగ్గా అక్కడే.

మూడోది వాన. వాన పడితే తల దాచుకోవడానికి ఏముంది అన్నదానికి జవాబు లేని చోటుకి చిన్నపిల్లలతో వెళ్ళొద్దు. జూలై అయినా సరే.

కోట్స్‌వోల్డ్సా, పొగబండా?

పెద్దవాళ్ళు ఊరి నుంచి రాగానే అందరికీ గుర్తొచ్చేది కోట్స్‌వోల్డ్స్. సుమారు 800 చదరపు మైళ్ళ ప్రాంతం. తేనెరంగు సున్నపురాతి ఇళ్ళు, వాటి మీదకి పాకిన గులాబీ తీగలు, చుట్టూ గొర్రెలు మేసే పచ్చిక గుట్టలు. మధ్యయుగాల్లో ఉన్ని అమ్మి బాగా గడించిన ఊళ్ళివి. ఇంత చిన్న ఊళ్ళో అంత పెద్ద చర్చి ఏమిటని నాన్నగారు అడిగితే, ఆ గొర్రెల్నే చూపించండి. బోర్టన్ ఆన్ ద వాటర్‌లో విండ్‌రష్ ఏరు ఊరి నడిబొడ్డు నుంచి పారుతుంది. దాని మీద బారెడెత్తు కూడా లేని రాతి వంతెనలు. నీళ్ళు లోతు ఉండవు కాబట్టి ఎండాకాలం పిల్లలు దిగి ఆడతారు. 1937లో తెరిచిన మోడల్ విలేజ్ ఒకటి ఉంది. ఆ ఊరినే తొమ్మిదో వంతు సైజులో కట్టారు. అందులో మోడల్ విలేజ్‌కి కూడా ఓ మోడల్ ఉంటుంది, దానిలో ఇంకోటి. మా ఇంట్లో పిల్లలకి ఏరు కన్నా ఇదే నచ్చింది.

చిక్కల్లా జనంతోనే. ఊరు గుప్పెడంత, వచ్చే బస్సులు, కార్లు లెక్కలేనన్ని. వేసవి శనివారం పదకొండు దాటాక కారు పెట్టుకోవడానికి చోటు వెతుక్కుంటూ తిరగడంతోనే సరిపోతుంది. బైబరీ అనే ఇంకో పల్లెలో ఆర్లింగ్టన్ రో అనే పాత ఇళ్ళ వరుస ముందు ఫోటో కోసం వరుసలో నిలబడాలి. ఆ ఇళ్ళలో మనుషులు కాపురం ఉంటున్నారు, గేటు తీసి లోపలికెళ్ళి పోజులివ్వడం బాగోదు. కూర్చుందామంటే బెంచీలు ఖాళీ ఉండవు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మకి ఈ రద్దీలో నిలబడటమే పెద్ద శిక్ష. "దీనికోసమా ఇంతదూరం వచ్చాం, మన అరకు బాగుండదూ?" అని తాతయ్య అన్నారంటే తప్పు ఆయనది కాదు, శనివారానిది.

కోట్స్‌వోల్డ్స్‌కి వెళ్ళాలనే ఉంటే రెండు మార్గాలున్నాయి. బడులు తెరిచాక, సెప్టెంబర్‌లో ఓ మంగళవారమో బుధవారమో సెలవు పెట్టి పెద్దవాళ్ళని మాత్రం తీసుకెళ్ళండి. అప్పుడు బోర్టన్ నుంచి పక్కనున్న లోయర్ స్లాటర్‌కి మైలు దూరం నెమ్మదిగా నడిచి రావచ్చు, పెద్ద ఎత్తుపల్లాలు ఉండవు. పిల్లలుంటే మాత్రం రోజంతా కోట్స్‌వోల్డ్ ఫార్మ్ పార్క్‌లో గడపండి. అంతరించిపోతున్న దేశవాళీ గొర్రెల్నీ, పందుల్నీ, ఆవుల్నీ కాపాడటానికి 1971లో మొదలుపెట్టిన పొలం అది. వసంతంలో గొర్రెలు ఈనే కాలం చూసుకుని వెళ్తే ఇంకా మంచిది. బోర్టన్‌ని సాయంత్రానికి ఉంచుకోండి. జూన్‌లో తొమ్మిది దాటాకగానీ పొద్దు గూకదు. టూరిస్టు బస్సులు వెళ్ళిపోయాక అదే ఊరు వేరేలా ఉంటుంది.

ఇక పొగబండి. పెద్దవాళ్ళు, ఐదేళ్ళ లోపు పిల్లలు ఇద్దరూ ఉన్న కుటుంబానికి నేను ముందుగా చెప్పేది ససెక్స్‌లోని బ్లూబెల్ రైల్వేనే. కోట్స్‌వోల్డ్స్ అంత పేరు లేకపోవడమే దీనికున్న అదృష్టం. మూసేసిన రైలుమార్గాన్ని అభిమానులు చేతుల్లోకి తీసుకుని 1960లో మళ్ళీ బళ్ళు నడిపారు. ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ నుంచి షెఫీల్డ్ పార్క్ దాకా 11 మైళ్ళు. బొగ్గుతో నడిచే ఇంజన్, చెక్క పెట్టెలు, ఒక్కో స్టేషన్ ఒక్కో కాలానిది: షెఫీల్డ్ పార్క్ విక్టోరియా రాణి కాలం, హార్స్‌టెడ్ కీన్స్ రెండు ప్రపంచయుద్ధాల మధ్యకాలం, కింగ్స్‌కోట్ 1950లు. కాజీపేటలోనో బిట్రగుంటలోనో బొగ్గింజన్లు చూసిన తరం తాతయ్యలకి ఇక్కడ గైడుతో పనిలేదు, వాళ్ళే మొదలెడతారు. పిల్లలకి కూత చాలు.

దీనిలో అసలు సుఖం ఏమిటంటే దృశ్యమే కిటికీ దగ్గరకి వస్తుంది, మనం కూర్చుంటే చాలు. వాన పడినా రోజు పాడవదు. కారు లేనివాళ్ళు లండన్ విక్టోరియా నుంచి ఈస్ట్ గ్రిన్‌స్టెడ్‌కి దాదాపు గంటలో మామూలు రైల్లో చేరి, పక్కనే ఉన్న పొగబండి స్టేషన్‌కి నడిచి వెళ్ళొచ్చు. అటు చివర, పాత భవనాల్నీ తోటల్నీ కాపాడే నేషనల్ ట్రస్ట్ సంస్థ వారి షెఫీల్డ్ పార్క్ తోట ఉంది. నాలుగు చెరువులు, వాటి చుట్టూ బాట. అక్టోబర్‌లో ఎర్రబడిన చెట్లు నీళ్ళలో కనిపిస్తుంటే ఫోన్లు ఆగవు. రెండు జాగ్రత్తలు. పాత పెట్టెలు కాబట్టి ఎక్కేటప్పుడు పెద్దవాళ్ళకి చెయ్యి అందించాలి, వీల్‌చైర్ ఉంటే ముందే చెప్పి ఉంచాలి. బళ్ళు అన్ని రోజులూ నడవవు, టైం‌టేబుల్ చూడకుండా టికెట్ కొనొద్దు. హాంప్‌షైర్ వైపు ఉండేవాళ్ళకి ఆల్టన్ నుంచి నడిచే వాటర్‌క్రెస్ లైన్ ఇలాంటిదే.

ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలు: న్యూ ఫారెస్ట్

ఈ వయసు పిల్లలకి అందమైన ఊరు అక్కర్లేదు, పరిగెత్తడానికి చోటు కావాలి. న్యూ ఫారెస్ట్‌కి నేను వేసే మార్కులు దక్షిణ ఇంగ్లండ్‌లో మరి దేనికీ వేయను. 1079లో విలియం రాజు తన వేట కోసం కేటాయించుకున్న అడవి ఇది, 2005లో నేషనల్ పార్క్ అయింది. ఇందులో సగం పైగా చెట్లే ఉంటాయనుకోవద్దు. ఊదారంగు పూలపొదలు నిండిన బయళ్ళు, చిత్తడి నేలలు, పచ్చిక మైదానాలు కూడా అంతే ఉన్నాయి.

గుర్రాలు రోడ్డు మీదే తిరుగుతాయి. బ్రోకెన్‌హర్స్ట్ లాంటి ఊళ్ళో దుకాణం ముందు నిలబడి కనిపిస్తాయి. అవి అడవి గుర్రాలనుకుంటారు చాలామంది. కాదు, ప్రతిదానికీ యజమాని ఉన్నాడు. ఆ ప్రాంతంలో కొన్ని ఇళ్ళకీ భూములకీ తరతరాలుగా మేత హక్కు ఉంది. ఊరుమ్మడి బీళ్ళలో పశువుల్ని తోలుకునే హక్కు గురించి తెలిసిన మన పెద్దవాళ్ళకి ఈ సంగతి చెబితే ఇట్టే పట్టుకుంటారు. శరత్కాలంలో పందుల్ని కూడా వదులుతారు. రాలిన పచ్చి ఓక్ కాయలు గుర్రాలకి విషం, వాటిని పందులు తినేస్తాయి. అక్టోబర్‌లో వెళ్తే పందులూ రోడ్డు దాటుతూ కనిపించవచ్చు.

ఒక్కటే గట్టిగా చెప్పాలి: గుర్రాలకి ఏమీ పెట్టకండి. క్యారెట్ అయినా, చపాతీ ముక్క అయినా సరే. అది నిషేధం. పైగా తిండికి అలవాటుపడ్డ గుర్రం కార్ల దగ్గరికి వచ్చి గుద్దుకుని చస్తుంది, లేదా ఇవ్వనివాళ్ళని కరుస్తుంది. "ఆవుకి అరటిపండు పెట్టినట్టేగా" అని ముచ్చటపడే అమ్మమ్మకి ముందే చెప్పి ఉంచండి. కారు వేగం గంటకి 40 మైళ్ళు దాటకూడదు, సాయంత్రం చీకటిపడేటప్పుడు ఇంకా తగ్గించాలి.

ఏం చేయాలంటే, బోల్డర్‌వుడ్‌లో జింకల్ని చూసే మంచె ఉంది, కారు దిగి కాస్త నడిస్తే చాలు. రైన్‌ఫీల్డ్ దగ్గర టాల్ ట్రీస్ ట్రైల్ మైలున్నర, చదునైన బాట. పిల్లలు మెడ వెనక్కి వాల్చి చూసేంత ఎత్తు రెడ్‌వుడ్ చెట్లు. కాస్త పెద్ద పిల్లలైతే బ్రోకెన్‌హర్స్ట్‌లో సైకిళ్ళు అద్దెకి తీసుకోండి. కంకర బాటల మీద కార్ల భయం లేకుండా తొక్కొచ్చు. లండన్ వాటర్‌లూ నుంచి బ్రోకెన్‌హర్స్ట్‌కి నేరుగా రైలు ఉంది, గంటన్నర పైచిలుకు. వాన జోరుగా పడితే బ్యూలీలో మోటర్ మ్యూజియం ఉంది, టికెట్ చవకేమీ కాదు. ఇంటికొచ్చాక పిల్లల మోకాళ్ళ వెనక, చంకల్లో పిడుదులు పట్టాయేమో చూడండి. పొదల్లో తిరిగినవాళ్ళకి అవి అంటుకుంటాయి, లైమ్ జబ్బు వాటివల్లే వస్తుంది.

టీనేజర్లు ఉంటే సెవెన్ సిస్టర్స్, పసివాళ్ళు ఉంటే వద్దు

న్యూ ఫారెస్ట్ చూసి "బోర్" అనే పద్నాలుగేళ్ళ పిల్ల సెవెన్ సిస్టర్స్ దగ్గర మాట్లాడకుండా నిలబడిపోతుంది. సముద్రం మీదకి నిట్టనిలువుగా కోసినట్టున్న తెల్లటి సున్నపు కొండలు, వరుసగా. పక్కనున్న బీచీ హెడ్ ఎత్తు 162 మీటర్లు. కొండల మీద నడక అంటే ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం, మధ్యలో ఎక్కడా నీడ లేదు, గాలి మాత్రం కావలసినంత. కాళ్ళలో సత్తువున్న పిల్లలకి అదే సరదా.

కానీ అంచున కంచె ఉండదు. సున్నపురాయి అడుగు నుంచి అలలు కోసుకుపోతుంటే పైనున్న నేల ఉన్నట్టుండి విరిగి పడుతుంది. అంచున కాళ్ళు వేలాడేసుకుని ఫోటోలు దిగేవాళ్ళని చూసి మీ పిల్లలూ వెళ్తామంటారు. వద్దనండి. కింద బీచ్‌లో కూడా కొండ మొదట్లో దుప్పటి పరుచుకుని కూర్చోవద్దు, రాళ్ళు పడతాయి. చెయ్యి వదిలించుకుని పరిగెత్తే మూడేళ్ళ పిల్లాడు ఉంటే ఈ రోజంతా మీకు గుండెదడే, అందుకే వద్దంటున్నాను.

అయినా పెద్దవాళ్ళకి ఆ కొండలు చూపించాలని ఉంటే, ఎగ్జీట్ దగ్గర ఆగి కక్‌మియర్ నది పక్కన చదునైన బాట మీద సముద్రం దాకా వెళ్ళొచ్చు. వెళ్ళడానికి మైలున్నర, రావడానికి మైలున్నర. అంత నడవలేకపోతే బర్లింగ్ గ్యాప్‌లో కార్ పార్క్ నుంచే కొండలు కనపడతాయి, పక్కనే కెఫే ఉంది. బీచ్ అంటే విశాఖ ఇసుక ఊహించుకోకండి, అన్నీ గులకరాళ్ళే. బ్రైటన్ దాకా రైలు, అక్కడి నుంచి ఈస్ట్‌బోర్న్ వెళ్ళే బస్సు. పార్కింగ్ గొడవ లేదు కాబట్టి ఈ ఒక్కచోటికి కారు కన్నా ఇదే మేలు.

ఉత్తరాన: పీకా, లేక్సా?

మాంచెస్టర్, లీడ్స్, బర్మింగ్‌హామ్ వైపు ఉన్నవాళ్ళ తర్జనభర్జన వేరు. లండన్ వాళ్ళకి మొదటే చెప్పేస్తాను: లేక్ డిస్ట్రిక్ట్ ఒక్కరోజు పని కాదు. కారులో ఒక వైపే ఐదు గంటలు. రెండు రాత్రుళ్ళు ఉండేలా ప్లాన్ చేసుకోండి, లేదంటే మానేయండి.

మాంచెస్టర్ నుంచైతే లేక్ డిస్ట్రిక్ట్, పీక్ డిస్ట్రిక్ట్ రెండూ అందుబాటులోవే, అప్పుడు వాతావరణం చూసి తేల్చుకోవాలి. లేక్ డిస్ట్రిక్ట్‌లో సీత్‌వెయిట్ అనే పల్లెలో ఏడాదికి 3,000 మిల్లీమీటర్లు దాటి వాన పడుతుంది, మన కోస్తాకి దాదాపు మూడింతలు. సరస్సులన్నీ ఎక్కడి నుంచి వచ్చాయో వేరే చెప్పక్కర్లేదు. ఎండ కాస్తుందని గట్టిగా తెలిసిన రోజున విండర్‌మియర్‌లో పడవ ఎక్కితే, 10 మైళ్ళ పైచిలుకు పొడవున్న ఆ సరస్సు చుట్టూ కొండలు తిరుగుతున్నట్టు ఉంటుంది. లేక్‌సైడ్‌లో దిగి హావర్‌త్వెయిట్ దాకా పొగబండి కూడా ఎక్కొచ్చు, పడవకీ రైలుకీ కలిపి టికెట్ ఇస్తారు. ఎక్కువ నడవలేనివాళ్ళకి టార్న్ హౌస్ అనే చిన్న సరస్సు చుట్టూ రెండు మైళ్ళ లోపు మంచి బాట ఉంది.

మబ్బు పట్టిన రోజైతే పీక్ డిస్ట్రిక్ట్. 1951లో దేశంలో మొట్టమొదట నేషనల్ పార్క్ అయింది ఇదే. కాసిల్టన్ ఊరి చుట్టూ నాలుగు గుహలున్నాయి. వాన పడితే నేల కిందకి దిగిపోవడమే. స్పీడ్‌వెల్‌లో పాత సీసపు గని సొరంగంలో పడవ మీద తీసుకెళ్తారు, కానీ నూరు పైచిలుకు మెట్లు దిగి ఎక్కాలి. పెద్దవాళ్ళు ఊళ్ళో టీ తాగుతూ కూర్చోవడం నయం. పైనున్న మామ్ టోర్ 517 మీటర్లు. సగం ఎత్తు కారే ఎక్కిస్తుంది, మిగతాది రాళ్ళు పరిచిన మెట్లబాట. తిరుమల కొండ నడిచి ఎక్కిన తాతయ్యకి ఇదొక లెక్క కాదు, గాలికి చెవులకి మఫ్లర్ ఉంటే చాలు.

పీక్‌లో నా ఓటు మాత్రం మాన్సల్ ట్రైల్‌కి. 1968లో మూతపడ్డ రైలుమార్గం మీద వేసిన ఎనిమిదిన్నర మైళ్ళ బాట. ఒకప్పుడు రైళ్ళు నడిచింది కాబట్టి ఎత్తుపల్లాలు తెలియవు. పుష్‌చైరూ, వీల్‌చైరూ, శిక్షణ చక్రాలున్న పిల్లల సైకిలూ అన్నీ వెళ్తాయి. 2011లో తెరిచిన సొరంగాల్లో పిల్లలు కేకపెట్టి ప్రతిధ్వని వింటారు, మళ్ళీ పెడతారు, మీకు తలనొప్పి వచ్చేదాకా పెడతారు. హాసప్ స్టేషన్‌లో సైకిళ్ళ అద్దె, కెఫే ఉన్నాయి. డబ్బులు పెట్టగలిగితే చాట్స్‌వర్త్ భవనం, దాని పక్కన పిల్లల పశువులశాల ఇంకో పూర్తి రోజుకి సరిపోతాయి. బర్మింగ్‌హామ్ వాళ్ళు కొందరు టివిడేల్‌లో బాలాజీ దర్శనం చేసుకుని అటునుంచి అటే పీక్‌కి వెళ్దామంటారు. రెండూ ఒకరోజున వద్దు, రెండిట్లో ఒకటైనా హడావుడి అయిపోతుంది.

అరరోజే చేతిలో ఉంటే

దూరం వెళ్ళే ఓపిక లేని ఆదివారాలకి కాలాన్ని బట్టి పోవడమే. ఏప్రిల్ చివర, మే మొదట్లో హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని ఆష్‌రిడ్జ్ అడవిలో నేలంతా నీలిపూలు. బాట దిగి పూలలోకి నడిస్తే అవి కోలుకోవడానికి ఏళ్ళు పడుతుంది, ఫోటో కోసం పాపని మధ్యలో కూర్చోబెట్టకండి. జూన్, జూలైల్లో స్ట్రాబెర్రీలు మనమే కోసుకునే పొలాలు. జూలైలో బాన్‌స్టెడ్ వైపు, హిచిన్ దగ్గర లావెండర్ తోటలు. ఇక్కడ పట్టుచీర కట్టుకొచ్చిన అత్తయ్యలు తప్పకుండా కనిపిస్తారు, మీరూ మొహమాటపడకండి. బీకన్స్‌ఫీల్డ్‌లో 1929 నాటి బెకన్‌స్కాట్ బొమ్మల ఊరు నాలుగైదేళ్ళ పిల్లలకి సరిగ్గా సరిపోతుంది.

పెద్దవాళ్ళకి నచ్చి తీరే చోటు ఇంకొకటి వాట్‌ఫర్డ్ దగ్గర భక్తివేదాంత మానర్ అనే ఇస్కాన్ గుడి. 1973లో బీటిల్స్ బృందంలోని జార్జ్ హారిసన్ ఇచ్చిన భవనం, చుట్టూ పొలాలు, గోశాల. దర్శనం, ఆవులు, ప్రసాదం, పచ్చిక మీద కాసేపు నడక. ఇంగ్లండ్ పల్లెటూరు చూసినట్టూ ఉంటుంది, అమ్మకి గుడికి వెళ్ళినట్టూ ఉంటుంది.

ఖర్చు, తిండి, మిగతావి

రైలులో వెళ్ళే కుటుంబానికి ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్ రైల్‌కార్డ్ తీసుకోండి. నలుగురు పెద్దలు, నలుగురు పిల్లల దాకా ఒక్క కార్డు మీద వెళ్ళొచ్చు. పెద్దల టికెట్‌లో మూడో వంతు, పిల్లల టికెట్‌లో 60 శాతం తగ్గుతుంది. ఆ నలుగురు పెద్దల్లో అమ్మమ్మ, తాతయ్య కూడా లెక్కే. ఐదు నుంచి పదిహేనేళ్ళ మధ్య పిల్ల ఒక్కరైనా వెంట ఉండాలి. నేషనల్ ట్రస్ట్ సభ్యత్వం ఏడాదిలో నాలుగైదుసార్లు వెళ్ళేవాళ్ళకి గిట్టుతుంది, పార్కింగ్ డబ్బులు కూడా మిగులుతాయి. ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్ళకి మాత్రం టికెట్ వేరేగా కొనాలి.

తిండి ఇంటి నుంచే తెచ్చుకోవడం మంచిది. పల్లెల్లో పబ్ వంటగది మధ్యాహ్నం రెండున్నర, మూడుకి మూసేస్తారు, శాకాహారులకి చిప్స్, కాల్చిన బంగాళాదుంప తప్ప పెద్దగా మిగలదు. పులిహోర, దద్దోజనం, ఫ్లాస్కులో టీ. అప్పటికప్పుడు వాడి పారేసే బార్బెక్యూ ట్రేలు మాత్రం తేవద్దు. న్యూ ఫారెస్ట్‌లో అవి నిషేధం, ఎండిన పొదల్లో ఒక్క నిప్పురవ్వ చాలు.

పొలం మధ్య నుంచి పసుపు బాణం గుర్తు ఉంటే నడిచేవాళ్ళ దారి, నిశ్చింతగా వెళ్ళండి. తెరిచి ఉన్న గేటు తెరిచే, మూసిన గేటు మూసే వదలాలి. దూడలున్న ఆవుల మధ్య నుంచి మాత్రం వెళ్ళకండి, చుట్టు తిరిగి పొండి. పిల్లాడికి దురదగొండి లాంటి నెటిల్ ఆకు తగిలితే మంట కాసేపే, కంగారు పడక్కర్లేదు.

ఇంకొకటి. చాలా పల్లె కార్ పార్కుల్లో ఇప్పుడు ఫోన్ యాప్‌తోనే డబ్బు కట్టమంటారు, అక్కడేమో సిగ్నల్ ఉండదు. యాప్ ఇంట్లోనే ఎక్కించుకుని, కారు నంబర్, బ్యాంకు కార్డు అందులో నమోదు చేసి బయల్దేరండి. మ్యాపు డౌన్‌లోడ్ చేసుకోండి. టాయిలెట్లకీ పాత మెషిన్లకీ పనికొచ్చేలా కారులో చిల్లర నాణేలు ఓ డబ్బాలో పడేసి ఉంచండి.